అమ్మ తెచ్చిన ప్రోగ్రెస్ కార్డు

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య) ఉందేమో చూపించుకోవడానికి నిన్న అమ్మతో అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాను, 32 ఏళ్ల వయసులో. యానాం వంతెన మీద గోదావరిని చూస్తున్నా టెన్షన్ తగ్గలేదు.

రక్తపరీక్షలు, స్కానింగులు లేవు. రెండు గంటలూ ప్రశ్నలే. కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలట. అందుకే అమ్మను రమ్మన్నారు. ట్రంకుపెట్టెలోంచి నా ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు తీసి, కవర్లో చుట్టి తెచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో మాస్టారి రాత: ‘తెలివైన పిల్ల. కుదురు లేదు.’ సైకాలజిస్టు గారు రెండుసార్లు చదివారు.

“పాలు చూడమంటే పొయ్యి పక్కనే నిలబడి పొంగించేసేదండీ. నిర్లక్ష్యం అనుకుని కొట్టేదాన్ని” అంది అమ్మ. ఆమె గొంతు పూడుకుపోయింది. నాకూ అంతే.

రిపోర్టు వచ్చేవారం ఇస్తారు. తిరుగు బస్సులో ఎదుర్లంక దాటేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.