సంతకాల లెక్క: మైనారిటీ షేర్‌హోల్డర్ల కేసు ఎక్కడ చిక్కుకుంటుంది?

నిర్వహణ సరిగా లేదంటూ రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ మీద వేసిన కేసుకు 80 మంది షేర్‌హోల్డర్ల సమ్మతి ఉందన్నారు. అందులో 13 మంది అసలు షేర్‌హోల్డర్లే కారని, ఇద్దరు రెండేసిసార్లు సంతకం చేశారని, మరో 13 మంది తర్వాత వెనక్కి తగ్గారని, చివరికి మిగిలింది 52 మందేనని, చట్టం అడిగే సంఖ్యకు అది చాలదని అవతలి పక్షం అభ్యంతరం. 1955లో సుప్రీంకోర్టు తేల్చింది: పిటిషన్ వేసిన నాటి లెక్కే లెక్క, తర్వాత ఎవరు తప్పుకున్నా పిటిషన్ చెల్లుతుంది.

ఇప్పటికీ ఈ తీర్పే మనకు అండ. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 244 కింద ఇలాంటి కేసు వేయడానికి 100 మంది సభ్యులు గానీ, మొత్తం సభ్యుల్లో పదోవంతు గానీ, ఏది తక్కువైతే అంతమంది కావాలి. లేదా జారీ అయిన షేర్ క్యాపిటల్‌లో పదోవంతు ఉండాలి. జాయింట్ షేర్లకు ఎన్ని పేర్లున్నా ఒక్కరి కిందే లెక్క. కాల్ మనీ (షేరు ధరలో కంపెనీ అడిగినా ఇంకా కట్టని భాగం) బాకీ ఉంటే అర్హత పోతుంది. అందుకే 100 కావాలంటే 125 సమ్మతి పత్రాలు తీసుకోండి. ప్రతిదాని మీదా ఫోలియో నంబరు (కాగితం షేర్లకు) లేదా డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ (డీమ్యాట్ ఖాతా నంబర్లు), షేర్ల సంఖ్య రాయించి, దాఖలుకు ముందు సభ్యుల జాబితాతో సరిచూడండి. కేసు దేనికో చెప్పకుండా ఖాళీ కాగితం మీద చేయించిన సంతకం సమ్మతి కాదు. లెక్క తగ్గితే మినహాయింపు ఇమ్మని ఎన్‌సీఎల్‌టీని (కంపెనీ కేసులు వినే జాతీయ ట్రిబ్యునల్) కోరవచ్చు, కానీ అది ట్రిబ్యునల్ విచక్షణ.

జపాన్‌లో తలల లెక్కే లేదు. ఆరు నెలలుగా ఒక్క షేరున్నా డైరెక్టర్ల మీద కేసు వేయమని కంపెనీని అడగవచ్చు. 60 రోజుల్లో కంపెనీ వేయకపోతే తానే కోర్టుకెళ్లవచ్చు. ఎన్ని కోట్లకు వేసినా కోర్టు ఫీజు 13,000 యెన్లే. గెలిచిన సొమ్ము మాత్రం కంపెనీకి చేరుతుంది, వేసినవాడికి కాదు. దీన్ని చాలామంది మరచిపోతారు. దక్షిణ కొరియాలో ఇలాంటి కేసుకు లిస్టెడ్ కంపెనీలో 0.01 శాతం షేర్లు ఆరు నెలలు ఉండాలి.

తప్పుడు లెక్కలు చూపి ఇన్వెస్టర్లను ముంచిన కేసులకు నాకు నచ్చింది చైనా పద్ధతి. 50 మంది అధికారం ఇస్తే చాలు, ఇన్వెస్టర్ల రక్షణ సంస్థే కేసు నడుపుతుంది. వద్దని చెప్పినవాళ్లు తప్ప నష్టపోయినవాళ్లంతా అందులో ఉన్నట్టే. 2021లో కాంగ్‌మెయ్ ఫార్మా కేసులో ఇలాగే 52,000 మందికి పైగా ఇన్వెస్టర్లకు దాదాపు 246 కోట్ల యువాన్ల పరిహారం ఇవ్వాలని గ్వాంగ్‌జౌ కోర్టు తీర్పిచ్చింది.