ఫ్యాన్ బండా, లిక్విడ్ బండా?

ఆదివారం. పొద్దున ఏడింటికే మేనల్లుడి ఫోన్. వాడుండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరం కొసన హోటన్ అనే ఊళ్లో. మనకు ఆదివారం తెల్లారినా వాడికింకా శనివారం రాత్రి ఎనిమిదిన్నరే. "మామా, రెండు సెకండ్ హ్యాండ్ బండ్లు చూసి పెట్టా. ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. కార్లనుకుని మైలేజీ అడిగాను. కార్లు కాదట, మంచు మీద తోలే బండ్లట, స్నోమొబైళ్లు!

చుట్టాల్లో ఎవరు బండి కొన్నా నన్నో మాట అడగడం రివాజు. కానీ నేనెక్కిన స్నోమొబైల్ అంటూ ఏదైనా ఉంటే, అది గుల్మార్గ్‌లో డ్రైవర్ వెనకాల కూర్చుని కొట్టిన రౌండే. లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌లో అద్దె కోటు తొడుక్కుని వణికే జనం మనం. అయినా వాడు అడిగింది మంచు గురించి కాదు కదా, ఇంజిన్ గురించి. ఇంజిన్ అంటే నాకు టిఫిన్ కూడా గుర్తురాదు.

రెండూ స్కీడూ బ్రాండువే, రెండూ టూ స్ట్రోకే. ఒకటి 550 సీసీ, ఫ్యాన్ గాలితో చల్లబడేది, 1,800 డాలర్లు చెబుతున్నారు. రెండోది 600 సీసీ, లిక్విడ్ కూల్డ్, అంటే ద్రవంతో చల్లబడేది, 3,500. రూమ్మేట్లందరూ లిక్విడే తీసుకో, ఫ్యాన్‌వి పాతకాలం బండ్లు అంటున్నారట. మావాడు ఇప్పటిదాకా తోలింది వాళ్లమ్మ ఆక్టివా ఒక్కటే. సాయంత్రానికల్లా చెబుతానని పెట్టేశాను.

నా ఆక్టివా కూడా ఈ మధ్య ఫ్లైఓవర్ ఎక్కాలంటే మొరాయిస్తోంది. నల్లకుంటలో మా మెకానిక్ ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా ఉంటాడు. తీసుకెళ్లాను. కుడివైపు ఫ్యాన్ కవర్ విప్పాడు. లోపల నల్ల ప్లాస్టిక్ ఫ్యాన్, దాని రెక్కల సందులో ఇరుక్కున్న ఎండు కానుగాకు. దాని వెనక సిలిండర్ చుట్టూ సన్నటి రేకుల్లా ఉండే ఫిన్‌ల మధ్య ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని, పొయ్యికి మన్ను మెత్తినట్టు గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో సందూ గీకుతూ, "గాలి రాకుంటె ఇంజిన్ ఏం జేస్తది సార్, ఉడుకుతది" అన్నాడు. ఫొటో తీసి మేనల్లుడికి పంపాను, నువ్వు అడుగుతున్న ఫ్యాన్ కూల్డ్ ఇదేరా, ఇన్నేళ్లూ దీనిమీదే తిరిగావు అని. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా వెంటనే నవ్వు బొమ్మ వచ్చింది.

తేడా ఒకటుంది. ఆక్టివాలో ఫ్యాన్ నేరుగా ఇంజిన్ తిరిగే ఇరుసుకే బిగించి ఉంటుంది. వాడు చూసిన 550లో ఫ్యాన్‌ని తిప్పడానికి విడిగా ఒక చిన్న బెల్టు ఉంటుంది. అది తెగితే గాలి ఆగిపోతుంది, చూసుకోకుండా ఇంకాస్త దూరం తోలితే పిస్టన్ పట్టేస్తుంది. అదిగాక బండి కింద చక్రాలకు బదులు తిరిగే రబ్బరు పట్టీని, అంటే ట్రాక్‌ని, తిప్పే పెద్ద బెల్టు వేరే. అది మన స్కూటర్లలో ఉండే వేరియేటర్ బెల్టు లాంటిదే, ఏ స్నోమొబైల్‌కైనా తప్పదు. గేర్ల గొడవ లేదు కాబట్టి ఆ విషయంలో మావాడికి అలవాటైన వ్యవహారమే. యాక్సిలరేటర్ మాత్రం మెలితిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే లీవరు.

లిక్విడ్ బండి పనితనం నాకు భలే నచ్చింది. కారులోలాగా ముందు రేడియేటర్ పెట్టి గాలికి వదిలెయ్యలేదు వాళ్లు. సీటు కింద, ట్రాక్ తిరిగే సొరంగం పైకప్పుకి అల్యూమినియం హీట్ ఎక్స్‌ఛేంజర్లు బిగించి, ఇంజిన్ వేడిని మోసుకొచ్చే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ని, వాటిలోంచి పంపుతారు. ట్రాక్ తిరుగుతూ కింది మంచుని పైకి విసురుతుంది, ఆ మంచు తగిలి కూలెంట్ చల్లారుతుంది. అంటే ఇంజిన్ చల్లగా ఉండాలంటే దారిలో వదులు మంచు ఉండాలి. సరస్సు మీద నున్నటి ఐసో, బండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన బాటో అయితే పైకి లేచే మంచు చాలదు, టెంపరేచర్ లైటు వెలుగుతుంది. అందుకే చాలామంది స్క్రాచర్లని వెనకాల ఇనప పుల్లలు బిగించుకుంటారు. అవి ఐసుని గీకి పొడి లేపుతాయి. సున్నాకి ఎంతో కింద ఉండే చలిలో బండి వేడెక్కిపోతుందంటే మా మెకానిక్ నమ్మలేదు. "మజాక్ చేస్తున్రా సార్" అన్నాడు.

అలాగని ఫ్యాన్ బండిని మంచు లేకపోయినా తోలొచ్చనుకుంటే పప్పులో కాలేసినట్టే. ట్రాక్ జారే పట్టాల కింద ప్లాస్టిక్ స్లైడర్లు ఉంటాయి, వాటికి తడీ చల్లదనమూ ఇచ్చేది ఆ మంచే. మంచు లేని చోట తోలితే ఇంజిన్ బాగానే ఉంటుంది గానీ స్లైడర్లు కరిగి ట్రాక్‌కి అంటుకుంటాయి. రూమ్మేట్లలో ఎవరూ వీడికి ఈ ముక్క చెప్పినట్టు లేదు.

హోటన్‌కి మంచు కొరత లేదులే. సుపీరియర్ సరస్సు పుణ్యమా అని ఏడాదికి 200 అంగుళాల దాకా పడుతుంది. కాబట్టి కూలింగ్ ఒక్కటే చూస్తే లిక్విడ్ బండికీ అక్కడ ఇబ్బందేమీ ఉండదు. ఇంజిన్ వేడి ఒకే తీరులో ఉంటుంది, దూరాలు తోలినా పవర్ తగ్గదు, చప్పుడూ తక్కువే. నిజానికి మంచి ఇంజిన్ ఏదంటే నేను దానికే ఓటేస్తాను.

కానీ వాడికి కావలసింది మంచి ఇంజిన్ కాదు, మొదటి బండి. ఆ 550కి 60 హార్స్‌పవర్ లోపే. 600 లిక్విడ్ అంటే దాదాపు దానికి రెట్టింపు. ఆక్టివాకి ఎనిమిది కూడా ఉండవు! స్కీడూని తయారుచేసిన బాంబార్డియే 1959లో కెనడాలోని క్యూబెక్‌లో తొలి స్కీడూ అమ్మినప్పుడు దానికి పెట్టిన ఇంజిన్ కూడా ఏడు హార్స్‌పవర్‌దే. ఎనిమిది నుంచి అరవైకి వెళ్లడమే ఎక్కువ. రెండొందల కిలోల దాకా బరువున్న బండి చెట్ల మధ్య మలుపులో చెయ్యి దాటిపోతే, కూలెంట్ వచ్చి కాపాడదు. పైగా ఫ్యాన్ బండికి కూలెంట్ పంపు లేదు, దాని గొట్టాలు లేవు, కూలెంట్ లీకయ్యేది లేదు. అడవిలో ఆగిపోతే స్పేరు బెల్టూ రెండు స్పానర్లూ ఉంటే చాలావరకు తనే చూసుకోగలడు. మిగిలే డబ్బుతో మంచి హెల్మెట్, చలి బట్టలు కొనుక్కోవచ్చు. రిజిస్ట్రేషన్, ట్రైల్ పర్మిట్ ఖర్చు ఎటూ ఉంది.

మధ్యాహ్నం అక్క ఫోన్. "ఒరేయ్, గడ్డకట్టిన చెరువుల మీద కూడా నడుపుతారట కదరా? వద్దని చెప్పు, నీ మాటైతే వింటాడు." ఐసు మీద చేపలు పట్టేవాళ్లు ఫ్యాన్ బండ్లే ఇష్టపడతారు, అక్కడ ఇంజిన్‌కి ఇబ్బంది ఉండదు కాబట్టి. అంటే నేను కొనమనబోయే బండే సరస్సు మీదికి రమ్మని పిలిచే రకం. అక్కకి ఆ సంగతి చెప్పలేదు. వాడికి మాత్రం గట్టిగానే రాశాను: ఐసు మందం అక్కడే పుట్టి పెరిగినవాళ్లు కొలిచి చెబితే తప్ప, ఒక్కడివే అడుగు పెట్టొద్దు.

రాత్రి తొమ్మిదింటికి వాడికి పొద్దున పదిన్నర. ఫ్యాన్ బండి చూడ్డానికి బయల్దేరుతున్నాడు. ఏమేం చూడాలన్నాడు. మా మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని నాకు చూపించిన చోటే మొదలుపెట్టమన్నాను. ఫ్యాన్ కవర్ పక్కన టార్చి వేసి ఫిన్‌లు చూడు, ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి. ఫ్యాన్ బెల్టు పగుళ్లు చూడు. రెండు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించు, రెంటికీ పది శాతం కంటే తేడా ఉంటే బేరం వదిలెయ్. స్లైడర్లు ఎంత అరిగాయో వంగి చూడు. ఇది కార్బురేటర్ బండి కాబట్టి ఇంతకుముందు ఎక్కడ తిరిగిందో అడుగు. కొలరాడోలాంటి కొండప్రాంతం నుంచి వచ్చిన బండైతే అక్కడి పలచటి గాలికి తగ్గట్టు కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్లు చిన్నవి వేసి ఉంటారు. వాటితోనే మీ ఊళ్లో తోలితే గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు, పిస్టన్ కాలిపోతుంది. చలి బాగా ముదిరినా ఇదే లెక్క.

ఇంకో మాట కూడా రాశాను. నువ్వు వెళ్లేసరికి ఇంజిన్ వెచ్చగా తగిలితే, అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఉంచాడని అర్థం. మొహమాటపడకు. లోపల కూర్చుని కాఫీ ఇస్తే తాగు, చల్లారిందాకా ఆగు, తర్వాత స్టార్టర్ తాడు నువ్వే లాగు.