పియానోల లెక్క రాసే ఉద్యోగం

అమెరికాలో ఒక చిన్న కాలేజీ సంగీత విభాగంలో నాది ఆఫీసు ఉద్యోగం. నాకు పాట రాదు, ఫైళ్లు వచ్చు. ఈ ఏడాదంతా అక్రిడిటేషన్, అంటే మా విభాగం ప్రమాణాలకు గుర్తింపు తెచ్చుకునే పనే. గుర్తింపు ఇచ్చేది 1924లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్కూల్స్ ఆఫ్ మ్యూజిక్. ఇక్కడ అందరూ పొట్టిగా నాజమ్ అంటారు. మొదటి గుర్తింపు 5 ఏళ్లకు, ఆ తర్వాత 10 ఏళ్లకోసారి మళ్లీ తనిఖీ.

పిల్లలు ఎంత బాగా పాడతారో చూసి మార్కులు వేస్తారని మనవాళ్లు అనుకుంటారు. తనిఖీకి వచ్చినవాళ్లు కచేరీ వింటారు, నిజమే. కానీ కాలేజీ చెప్పుకున్నదంతా నిజంగా చేస్తోందా, అందుకు తగిన మనుషులు, గదులు, డబ్బు ఉన్నాయా అన్నదే అసలు పరీక్ష. అందుకే నా బల్ల మీద పియానోల జాబితా ఉంటుంది: ఏది ఏ గదిలో ఉంది, చివరిసారి శృతి చేసింది ఎప్పుడు, ఏ మెట్టు నొక్కితే పైకి రావడం లేదు. బ్యాండు గది హోరుకు చెవులు దెబ్బతినకుండా విద్యార్థులకు ఏం చెబుతున్నామో కూడా రాయాలి.

అన్నిటికన్నా చిరాకు శాతాల పట్టిక. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌లో వాద్యమో గాత్రమో ప్రధానమైతే, మొత్తం చదువులో మామూలుగా కనీసం 65 శాతం సంగీతమే ఉండాలి. అదే సంగీతంలో బీఏ అయితే 30 నుంచి 45 శాతం చాలు. ఒక మాస్టారు ముచ్చటపడి కొత్త కోర్సు పెడితే నా లెక్కంతా తిరగరాయాల్సిందే. సంగీతజ్ఞులకు కూడిక అంటే ఎందుకంత నిర్లక్ష్యమో!

తనిఖీకి వచ్చేది ఇతర కాలేజీల అధ్యాపకులే. ఖర్చు మాది. వాళ్లు చూసింది రాసి ఇస్తారు, తీర్పు మాత్రం నాజమ్ కమిషన్‌ది. మన దేశంలో కాలేజీలను తూచే న్యాక్ ఇస్తూ వచ్చిన ఎ, బి గ్రేడుల్లాంటివి ఉండవు. ఒక్కోసారి నిర్ణయం వాయిదా వేసి, ఇంకా ఏవో కాగితాలు పంపమంటారు.

తెలుగు తల్లిదండ్రులు ఫోను చేసి, "ఆ గుర్తింపు లేకపోతే డిగ్రీ చెల్లదా అండీ?" అని అడుగుతుంటారు. చెల్లుతుంది. న్యూయార్క్‌లోని పేరుమోసిన సంగీత విద్యాలయం జూలియార్డ్‌కే అది లేదు. ఫెడరల్ ఆర్థిక సాయానికి మామూలుగా చూసేది కాలేజీ మొత్తానికి ఉన్న గుర్తింపునే, ముందు దాని గురించి అడగమంటాను. మ్యూజిక్ థెరపీ (సంగీతంతో చికిత్స) చదువు అయితే వేరే సంగతి: అమెరికన్ మ్యూజిక్ థెరపీ అసోసియేషన్ ఆమోదించిన కోర్సు చదవకపోతే బోర్డు సర్టిఫికెట్ పరీక్షకే కూర్చోనివ్వరు.