క్రాబ్‌ట్రీ ఆడిన ఆ రెండేళ్లు

టెక్సాస్‌లోని లబ్బక్‌లో మనం చదువుకున్న రోజుల గురించి రెండు పేజీలు రాయమని సంచిక కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. చదువు గురించో, మన వినాయక చవితి గురించో రాస్తాననుకున్నారేమో. దుమ్ము తుపాను రోజు పప్పు సంగతి నెల్లూరు రూమ్ వాళ్లు ఎలాగూ రాస్తారు. ప్రింటర్ కథ అన్నగారే రాయాలి, ఇంకెవరు రాసినా ఆయన ఒప్పుకోరు. నాకు మాత్రం మన టెక్సాస్ టెక్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ క్రాబ్‌ట్రీ గురించే రాయాలని ఉంది.

మనం 2007 ఆగస్టులో దిగేసరికే ఊళ్లో ఆ పేరు మొదలైంది. డల్లస్‌లోని కార్టర్ హైస్కూల్లో అతను క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. టెక్సాస్ టెక్‌కి వచ్చాక బంతి పట్టేవాడు, అంటే రిసీవర్ అయ్యాడు. 2006 అంతా రెడ్‌షర్ట్. ప్రాక్టీసు ఉంటుంది, మ్యాచ్ ఉండదు. అంత ఆట చేతిలో పెట్టుకుని, పంతొమ్మిదేళ్ల వయసులో ఏడాదిపాటు పక్కన నిలబడటం ఎంత కష్టమో అప్పుడు నాకు తట్టలేదు. ఫండింగ్ లేకుండా నా మొదటి సెమిస్టర్ గడిచాక తెలిసింది.

అన్నగారు కిచెన్ టేబుల్ మీద పోపుల డబ్బా గిన్నెలు పరిచి ఈ ఆట నేర్పిన రాత్రి గుర్తుందా? ఆవాల గిన్నె క్వార్టర్‌బ్యాక్ గ్రహామ్ హారెల్, జీలకర్ర క్రాబ్‌ట్రీ. కోచ్ మైక్ లీచ్ ‘ఎయిర్ రెయిడ్’ పద్ధతి అంతా ఆ గిన్నెలతోనే అర్థమైంది. రిసీవర్లను మైదానం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచేయడం, పరిగెత్తడం తగ్గించి బంతి విసురుతూనే ఉండటం. ఎత్తుగడలు తక్కువే, కానీ వాటినే వందలసార్లు సాధన చేయించేవాడు. ఎదుటివాడు వెనక్కి తగ్గితే రిసీవర్ ఆగి తిరగాలి, మీదికొస్తే దాటి పోవాలి. ఆ నిర్ణయం పరుగులో ఉండగానే జరగాలి, విసిరేవాడికీ అదే క్షణంలో అదే తోచాలి. క్రాబ్‌ట్రీ అందరికంటే వేగంగా పరిగెత్తేవాడేం కాదు. తను కూడా ఒకప్పుడు విసిరినవాడే కాబట్టి బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసేదని నా నమ్మకం. పట్టాక ఒక్కడు పట్టుకుంటే ఆగే మనిషి కాదు.

2007 సెప్టెంబరు 22న స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్‌తో మ్యాచ్. నెల్లూరు రూమ్ టీవీ ముందు అందరం ఉన్నాం. ఆట పొడుగునా మనల్ని మోసుకొచ్చింది అతనే. చివరి క్షణాల్లో గెలిపించాల్సిన బంతి, పట్టితే టచ్‌డౌన్ అయ్యే మైదానం చివరి భాగం ఎండ్ జోన్‌లో అతని చేతుల్లోంచి జారిపోయింది. 49-45తో ఓడాం. ఆ రాత్రి అన్నం ఎవరూ ముట్టలేదు. కానీ తర్వాతి మ్యాచ్‌లోనూ హారెల్ బంతి అతనికే విసిరాడు, ఆ పై మ్యాచ్‌లోనూ అంతే. నన్ను పట్టేసింది అదే. సీజన్ ముగిసేసరికి 134 క్యాచ్‌లు, 1,962 యార్డులు, 22 టచ్‌డౌన్‌లు. దేశంలో ఉత్తమ రిసీవర్‌కి ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డు ఒక ఫ్రెష్‌మన్‌కి రావడం అదే మొదటిసారి.

మరుసటి ఏడాది మాంద్యం. ఇంటర్వ్యూలు రద్దవుతున్నాయి, ఇళ్ల నుంచి ఫోన్లొస్తే ఏం చెప్పాలో తెలియని టెన్షన్. అలాంటప్పుడు వచ్చింది 2008 నవంబరు 1. దేశంలో నంబర్ వన్‌గా ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ జట్టు మన ఊరికి వచ్చింది. అంతకుముందు రోజుల్లో స్టేడియం బయట వెలిసిన గుడారాలు, మన బ్యాచ్ వంతులేసుకుని క్యూలో నిలబడటం, అక్క తెచ్చిన పులిహోర, మైదానంలోకి విసరడానికి చొక్కాలో దాచిన టోర్టిల్లా రొట్టెలు... ఇవన్నీ రాస్తే పేజీలు చాలవు.

సగం ఆటకి 22-6తో మనదే పైచేయి. అదంతా కరిగిపోయి, 1 నిమిషం 29 సెకన్లు ఉండగా 33-32తో వాళ్లు ముందుకెళ్లారు. హారెల్ మళ్లీ మొదలెట్టాడు. ఒక బంతి తగిలి గాల్లోకి లేచి నేరుగా టెక్సాస్ ఆటగాడి చేతుల్లో పడింది, అతను జారవిడిచాడు. అది పట్టి ఉంటే కథ అక్కడితో సరి. మిగిలినవి 8 సెకన్లు. బంతిని స్తంభాల మధ్యకి తన్ని ఒక ఫీల్డ్ గోల్‌తో గెలవొచ్చు, అయినా హారెల్ కుడి అంచుకి విసిరాడు. క్రాబ్‌ట్రీ వెనక్కి తిరిగి పట్టాడు. వాళ్లవాడు మీద పడ్డాడు, ఇతను విదిలించుకున్నాడు. గీత తొక్కకుండా లోపలికి అడుగేశాడు. 28 యార్డుల టచ్‌డౌన్. ఇంకా 1 సెకను ఉందని పట్టించుకోకుండా జనం మైదానంలోకి దూకితే, అందరినీ వెనక్కి పంపి ఆట పూర్తి చేయాల్సొచ్చింది. 39-33. ఏడాది కిందట జారిన బంతిని ఎత్తిచూపే నోరు ఆ రాత్రితో మూతపడింది.

ఆ తర్వాత ఓక్లహోమా మనల్ని 65-21తో కొట్టింది, దాని గురించి నేను రాయను. బిలెట్నికాఫ్ మళ్లీ అతనికే వచ్చింది. రెండుసార్లు గెలిచిన మొదటివాడు అతనే. రెండే సీజన్లలో 41 టచ్‌డౌన్‌లు చేసి, ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే 2009 డ్రాఫ్ట్‌లో పదోవాడిగా శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లిపోయాడు. 2022లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో లీచ్ పోయాడని అన్నగారే గ్రూప్‌లో పెట్టారు.

నేను కట్టడాల మీద గాలి దెబ్బని పరిశోధించే మన విండ్ ల్యాబ్ చదువునే నమ్ముకుని విశాఖ వచ్చేశాను. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం మీద పడ్డప్పుడు, పలాస వైపు నేను లెక్కలు కట్టిన జీడిపప్పు గోదాము పైకప్పు ఒక్క రేకు కూడా లేవలేదు. యజమాని ఫోన్ చేసి చెప్పినప్పుడు మొదట గుర్తొచ్చింది లబ్బక్ గాలే.

టెక్సాస్‌ని ఓడించిన ఆ రాత్రి మైదానంలో మనవాళ్లంతా కలిసి తీయించుకున్న ఫొటో నా పాత ల్యాప్‌టాప్‌తోపాటు పోయింది. ఎవరి దగ్గరైనా ఉంటే కమిటీకి పంపండి, ఈ వ్యాసం పక్కన వేస్తామన్నారు.