వయసుతో మారే కంటి లెన్స్‌ని కంప్యూటర్‌లో కట్టడం: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి నేను తీసుకున్న టాపిక్ ఇది. మనిషి కంటి లెన్స్ ఇరవై ఏళ్లప్పుడు ఎలా ఉంటుంది, అరవైకి ఏమవుతుంది, దగ్గర చూపు ఎందుకు పోతుంది, ఇదంతా పైథాన్‌లో కిరణాలు పంపించి చూడటం. ఇలాంటి ప్రాజెక్ట్ అనుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా, కొంచెం లెక్కలు ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

మన పదో తరగతి ఫిజిక్స్‌లో కంటి లెన్స్ నాభ్యంతరం గరిష్ఠంగా 2.5 సెం.మీ, కనిష్ఠంగా 2.27 సెం.మీ అని అందరం లెక్క చేసినవాళ్లమే. అంటే పవర్ (1ని మీటర్లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది) 40 నుంచి 44 డయాప్టర్లు, తేడా 4, పుస్తకాన్ని 25 సెం.మీ దూరంలో పెట్టుకుని చదవడానికి కావాల్సింది సరిగ్గా అంతే. స్కూల్ పిల్లలకి అది చాలు కానీ ఆ లెక్కలో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) విడిగా లేదు, కన్నంతా కలిపి ఒకే పల్చటి లెన్స్. అసలు కంటి పవర్ 60 డయాప్టర్ల దగ్గర ఉంటుంది, అందులో 43 దాకా కార్నియాదే. లెన్స్ వాటా తక్కువే, కాకపోతే ఫోకస్ మార్చగలిగేది అదొక్కటే. లెన్స్ చుట్టూ ఉండే సిలియరీ కండరం బిగుసుకుంటే లెన్స్‌ని చుట్టూ పట్టుకున్న సన్నటి దారాలు వదులవుతాయి, లెన్స్ ఉబ్బుతుంది, దగ్గరవి కనిపిస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1855లోనే చెప్పిన విషయం ఇది.

మా గైడ్ సార్ ముందు గుల్‌స్ట్రాండ్ కన్ను, అంటే గుల్‌స్ట్రాండ్ కొలతలతో ఇచ్చిన నమూనా కన్ను, కట్టమన్నారు. ఈయన స్వీడన్ కళ్ల డాక్టర్, 1911లో నోబెల్ వచ్చింది. ఆయన లెన్స్‌ని రెండు భాగాలుగా తీసుకున్నాడు, లోపలి గింజకి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.406, చుట్టూ ఉన్నదానికి 1.386. దూరం చూసేటప్పుడు కన్ను మొత్తం 58.64 డయాప్టర్లు, పూర్తిగా దగ్గరకి చూసేటప్పుడు 70.57. ఈ రెండు నంబర్లూ నీ కోడ్‌లో రాకుండా ఒక్క అడుగు కూడా ముందుకెయ్యొద్దు అన్నారు సార్, మొదలుపెట్టేవాళ్లకి నేనూ అదే చెప్తా. ఇక్కడ సరిపోతే తర్వాత ఏ వింత రిజల్ట్ వచ్చినా అది కోడ్ తప్పా, కంటి గుణమా అని భయపడక్కర్లేదు.

అయితే గుల్‌స్ట్రాండ్ కన్నుకి వయసు లేదు. వయసు తెచ్చిపెట్టినవాళ్లు నెదర్లాండ్స్‌కి చెందిన డబుల్‌మన్, వాన్ డర్ హైడె. షైమ్‌ఫ్లూగ్ కెమెరాతో (లెన్స్ ముందు నుంచి వెనక దాకా ఒకేసారి స్పష్టంగా పడేలా ఏటవాలుగా తీసేది) బతికున్న మనుషుల లెన్స్‌లు ఫొటోలు తీసి 2001లో ఫార్ములాలు ఇచ్చారు. లెన్స్ ముందు తలం వ్యాసార్ధం కావాలంటే 12.9 మి.మీ నుంచి ఏడాదికి 0.057 చొప్పున తీసెయ్యాలి, వెనక తలానికి 6.2 నుంచి 0.012 చొప్పున, మందం మాత్రం 2.93 మి.మీ మీద ఏడాదికి 0.024 చొప్పున పెరుగుతుంది. అంటే వయసు పెరిగేకొద్దీ లెన్స్ లావెక్కుతుంది, ఇంకా గుండ్రంగా అవుతుంది.

ఇక్కడ సార్ ఒకటి చేయించారు. "ఏమ్మా, గుణకం కదపకుండా ఆకారం ఒక్కటే మార్చి చూడు" అన్నారు. ఇరవై ఏళ్ల లెన్స్ మొత్తానికి కలిపి ఒకే గుణకం 1.433 పెడితే పవర్ 24.25 డయాప్టర్లు వచ్చింది, అదే గుణకంతో అరవై ఏళ్ల ఆకారం ఇస్తే 27.4కి వెళ్లిపోయింది. మూడు డయాప్టర్ల పైన తేడా! ఈ లెక్కన అరవై దాటిన ప్రతి ఒక్కరికీ దూరం మసకబారి మైనస్ అద్దాలు రావాలి. మన ఇళ్లల్లో జరిగేది అది కాదు కదా, పెద్దవాళ్లు వచ్చే బస్సు బోర్డు అంత దూరం నుంచే చదివేస్తారు, చేతిలో ఉన్న మందుల షీట్ మీద ఎక్స్‌పైరీ డేట్ దగ్గరే ఆగిపోతారు. దీన్నే లెన్స్ పారడాక్స్ అంటారు, నికొలస్ బ్రౌన్ 1974లో ఎత్తిచూపించాడు.

ముడి విప్పేది గుణకమే. డబుల్‌మన్ వాళ్ల ప్రకారం అది 1.441 నుంచి ఏడాదికి 0.00039 తగ్గుతుంది, అరవైకి 1.418 అవుతుంది. అంత చిన్న మార్పు పెట్టేసరికి అరవై ఏళ్ల లెన్స్ పవర్ 23.1కి దిగొచ్చింది, ఇరవై ఏళ్ల దానికంటే కాస్త తక్కువే. రెండో దశాంశంలో జరిగే మార్పు మనిషి దూరపు చూపుని అన్నేళ్లు కాపాడుతోందంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మళ్లీ మళ్లీ వయసు మార్చి రన్ చేస్తూ కూర్చున్నా.

కానీ 1.433 గుణకం ఉన్న పదార్థం లెన్స్‌లో ఎక్కడా లేదు, నడిమధ్యన కూడా 1.42 దగ్గరే ఉంటుంది. లెన్స్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది, కొత్త కణాలు బయట చేరుతూ ఉంటాయి, పాతవి ఎక్కడికీ పోవు, జీవితమంతా లోపలే. గుణకం మధ్య నుంచి అంచుకి తగ్గుకుంటూ వస్తుంది, కిరణం లోపల దారి పొడవునా వంగుతూ పోతుంది, అందుకే మొత్తం పవర్‌ని ఒకే గుణకంతో చెప్పాలంటే అసలు ఉన్నదానికన్నా పెద్ద నంబర్ కావాల్సి వస్తుంది. వయసుతో మధ్యభాగం అంతా ఒకే గుణకంగా చదునైపోయి, తగ్గుదల అంచు దగ్గరికి జరిగిపోతుంది, లోపలి వంపు సాయం తగ్గుతుంది. కోడ్‌లో దీన్ని సన్నటి పొరలుగా కోసి ఒక్కో పొర దగ్గరా స్నెల్ నియమం (పదార్థం మారేచోట కిరణం ఎంత వంగుతుందో చెప్పే సూత్రం) పెట్టాను, పొరలు తక్కువైతే ఫోకస్ దగ్గర కిరణాలు గుంపులు గుంపులుగా విడిపోతాయి, పెంచుకుంటూ పోతే ఒకచోట నంబర్ నిలబడుతుంది, అక్కడ ఆపొచ్చు. రోజులు పట్టినా ప్రాజెక్ట్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, స్కూల్లో కంటి పాఠం చెప్పేటప్పుడు ఈ పొరల సంగతి ఒక్క పేజీ అయినా చెప్పాలి అని నా గట్టి అభిప్రాయం.

వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ సూటిగా అడిగారు, మరి చత్వారం కండరం బలహీనపడి వస్తుందా, లెన్స్ వల్లా అని. గ్లాసర్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు 1998లో చేసిన పని చెప్పాను, నేత్రదానంగా వచ్చిన కళ్లలో లెన్స్‌ని చుట్టూ లాగి చూస్తే కుర్ర లెన్స్‌ల ఫోకస్ బాగా మారింది, అరవై దాటిన లెన్స్‌లని ఎంత లాగినా కదల్లేదు. కండరం ఆ వయసులోనూ బిగుసుకుంటుంది, వదిలినా ఉబ్బలేనంత గట్టిపడిపోయింది లెన్సే. అయితే నీ మోడల్ ఆ గట్టిదనాన్ని చూపిస్తుందా అన్నారు. లేదు మేడమ్, ఇది ఆప్టిక్స్ వరకే, ఆకారం బయటి నుంచి ఇస్తున్నాం అన్నాను. లెన్స్ తనంతట తాను ఆకారం మార్చుకోవాలంటే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (వస్తువుని చిన్న ముక్కలుగా చేసి బలాల లెక్క కట్టడం) కావాలి, ఇప్పుడు కూర్చుని అదే నేర్చుకుంటున్నా.