గృధ్రకూటం ఎక్కి వచ్చాం

మొక్కు తీరింది. కాళ్ల నొప్పులు తగ్గకముందే రాసేస్తున్నాను.

మావారి కాలికి ఆపరేషన్ అయినప్పుడు, ఆయన మళ్లీ నడిస్తే ఇద్దరం కలిసి బీహార్‌లోని రాజగృహంలో (ఇప్పటి రాజ్‌గిర్) గృధ్రకూటం కొండ ఎక్కి బుద్ధ భగవానుడికి పూలు పెడతామని మొక్కుకున్నాను. ఆ కొండే ఎందుకంటే, భగవానుడి కాలికి దెబ్బ తగిలింది అక్కడే. పైనుంచి బండ దొర్లించినవాడు కూడా పరాయివాడు కాదు, శాక్యుల బిడ్డ దేవదత్తుడు. బుద్ధుడి భార్య యశోధరకు తోడబుట్టినవాడని పాలి సంప్రదాయం చెబుతుంది, అంటే బావమరిది. బండ ఆగింది గానీ ఒక పెచ్చు ఎగిరొచ్చి పాదానికి తగిలి రక్తం కారింది, జీవకుడు వైద్యం చేశాడు.

గయ నుంచి బస్సులో వెళ్లాం. రోప్‌వే దగ్గర తోపులాట చెప్పనలవి కాదు, పైగా అది రత్నగిరి మీద శాంతి స్తూపానికే వెళుతుంది, గృధ్రకూటానికి నడవాల్సిందే. బుద్ధుడి కాలపు మగధ రాజు బింబిసారుడు వేయించిన దారి అంటారు. అక్కడా మెట్లకు అడ్డంగా నిలబడి సెల్ఫీలు, ఫోన్లలో పాటలు. బుద్ధుడు తిరిగిన చోట కాసేపు నోరు మూసుకుని ఉండలేరా అని మండిపోయింది నాకు.

సగం దూరం ఎక్కేసరికి మావారి కాలు మొరాయించింది. చెమటలు పట్టి మెట్టు మీద కూలబడ్డారు. నాకు ఒకటే టెన్షన్. తెల్లబట్టల్లో సింహళ యాత్రికుల గుంపు ఒకటి పిరిత్ (రక్షణ కోసం చదివే బౌద్ధ సూత్రాలు) చదువుతూ వస్తోంది, అందులోంచి ఒక పెద్దాయన ఆగి, ఏమీ అడక్కుండానే కింద కూర్చుని మావారి కాలు తన ఒళ్లోకి తీసుకున్నాడు. వద్దండీ అంటున్నా వినలేదు. సంచిలోంచి ఏదో తైలం తీసి రాసి, గుడ్డ చుట్టి గట్టిగా కట్టాడు. ఆయన భాష మాకు రాదు, మా భాష ఆయనకు రాదు. కట్టు కట్టాక పైన బండల వైపు చూపించి "దేవదత్త" అన్నాడు, తర్వాత తన పాదం తట్టి చూపించాడు. మా ముగ్గురికీ తెలిసిన మాట అదొక్కటే. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన తన చేతికర్ర మావారికిచ్చి, వెనక్కి కూడా తీసుకోకుండా తన గుంపుతో కలిసిపోయాడు.

పైన పాత ఇటుకల గోడల మధ్య చిన్న బుద్ధుడి విగ్రహం, బంగారు రేకులు అతికించి ఉంది. పూలు పెట్టి తల వంచానో లేదో వెనకనుంచి నెట్టేశారు. ఆ కాసేపట్లో చూసిన ముఖం మాత్రం ఇంకా కళ్లలోనే ఉంది.

పక్కకు వచ్చి కూర్చున్నాక మాకు దేవదత్తుడి గురించే మాటలు. ముసలివాడివయ్యావు, భిక్షువుల సంఘాన్ని నాకు అప్పగించమని నిండు సభలో అడిగితే బుద్ధుడు చాలా కటువుగా కాదన్నాడు. ఆ కటువు మాటను భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం దాచకుండా రాసుకుంది, నాకు అందుకే ఆ గ్రంథం అంటే నమ్మకం. అవతల అదే దేవదత్తుడి అండ చూసుకుని అజాతశత్రువు కన్నతండ్రి బింబిసారుణ్ణి చెరలో పెట్టి ఆకలితో చంపాడు. ఆ చెర గోడలు లోయలో ఇప్పటికీ ఉన్నాయి, ముసలి రాజు అక్కడి నుంచి ఈ కొండ మీద బుద్ధుణ్ణి చూసుకునేవాడట. దేవదత్తుడు బుద్ధుడి మీదకు నాళాగిరి అనే మదపుటేనుగును వదిలిందీ ఈ ఊళ్లోనే. మన అమరావతి శిల్పి దాన్ని ఒకే వృత్తంలో మనుషుల్ని తొక్కుతూ, ఆ పక్కనే మోకరిల్లుతూ చెక్కాడు, ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది.

తర్వాత దేవదత్తుడు ఐదు కఠిన నియమాలు పెట్టమన్నాడు, అడవిలోనే ఉండాలి, మాంసం ముట్టకూడదు లాంటివి. ఇష్టమున్నవాళ్లు చేసుకోవచ్చు, అందరికీ బలవంతం లేదన్నాడు బుద్ధుడు. దాంతో 500 మంది కొత్త భిక్షువులు అతని వెంట గయ దగ్గరి గయాశీర్షం కొండకు వెళ్లిపోయారు. బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్త మొగ్గల్లానులు వెళ్లి వెనక్కి తెచ్చారు. అంతమంది ఒక్కసారిగా లేచిపోయిన రాత్రి బుద్ధుడికి ఎలా గడిచిందో అని మావారు చాలాసేపు అనుకుంటూనే ఉన్నారు.

వెళ్లేవాళ్లు తెల్లవారగానే ఎక్కండి. కాళ్లు నొప్పులున్నవాళ్లు కర్ర, కట్టుగుడ్డ దగ్గర పెట్టుకోండి.