దావాలో ప్రతివాదిని, ఐఏలో రెస్పాండెంట్‌ని

కోర్టు అమీనా మా ఊరొచ్చి సమన్ల మీద సంతకం పెట్టించుకుని పోయాక మా అమ్మకి అన్నం సయించలేదు. "నీ కొడుకు ముద్దాయంట కదా" అని ఎవరో అనేశారు మరి. ముద్దాయి ఉండేది క్రిమినల్ కేసులో. మాది ఉత్త సివిల్ దావా, పొలం గట్టు మీద మేం అడుగు పెట్టకూడదని మా పెదనాన్న వాళ్ళు కావలి కోర్టులో ఇంజంక్షన్‌కి వేశారు, అంతే.

తికమక ఎక్కడొచ్చిందంటే, ఒకే కట్టలో ఒక కాగితం మీద నేను మూడో ప్రతివాదిని, ఇంకోదాని మీద మూడో రెస్పాండెంట్‌ని. లాయర్ గారు నవ్వి చెప్పారు: దావా వరకు వాది, ప్రతివాది. అది తేలేలోపు తాత్కాలిక ఉత్తర్వు కావాలని అందులోనే వేసే ఐఏలో, అంటే మధ్యంతర దరఖాస్తులో, పిటిషనర్, రెస్పాండెంట్. రేపు మనం ఇంకో ఐఏ వేస్తే పిటిషనర్లం మనమే, రెస్పాండెంట్లు వాళ్ళు. అప్పీలుకి పోతే కింది కోర్టులో గెలిచినాయన కూడా రెస్పాండెంటే. జవాబు చెప్పాల్సింది ఎవరో చెప్పే పేరే గానీ తప్పు చేశాడని కాదు. ఇది అమ్మకి చెప్పడానికే ఒక పూట పట్టింది.

ముందు వకాలత్ వేశాం, అంటే మా తరఫున వాదించమని లాయర్ గారికి అధికారమిచ్చే కాగితం. ఐఏకి ఇచ్చే జవాబు కౌంటర్, దావాకి ఇచ్చే జవాబు రిటన్ స్టేట్‌మెంట్, రెండూ వేరు. రిటన్ స్టేట్‌మెంట్‌కి సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు, తగిన కారణం చూపిస్తే జడ్జి గారు 90 దాకా ఇవ్వొచ్చు. పట్టించుకోకుండా ఇంట్లో కూర్చుంటే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మనం లేకుండానే కేసు నడిపిస్తారు.

అసలు పని ఆ జవాబు రాయించడమే. "మొత్తం అబద్ధమని రాసేయండి సార్" అన్నాడు మా అన్న. కుదరదన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం దేన్ని కాదంటున్నామో దాన్ని విడిగా, స్పష్టంగా కాదనాలంట, నోరెత్తకుండా వదిలేసింది ఒప్పుకున్నట్టే లెక్కంట. అందుకని పేరా పేరాకీ కూర్చున్నాం. చుట్టరికం నిజం, ఒప్పుకున్నాం. తూర్పు పక్క చేను వాళ్ళదే, అదీ ఒప్పుకున్నాం. వాళ్ళలో వాళ్ళు పంచుకున్న సంగతి మాకు తెలియదు, వాదులే రుజువు చేసుకోవాలి అని రాశారు. దావాలో పొలం హద్దులు రాసిన షెడ్యూల్లో పడమటి హద్దు 'వాదుల గట్టు' అని ఉన్న దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాం, ఎందుకంటే ఎఫ్‌ఎంబి స్కెచ్‌లో (సర్వే వాళ్ళ కొలతల పటంలో) ఆ గట్టు రెండు సర్వే నంబర్ల మధ్య గీత మీద ఉంది. అడంగల్, 1బి లాంటి రెవెన్యూ రికార్డుల కాపీలు, పాస్‌బుక్ కాపీ జతచేశాం. పెదనాన్న మీద కోపంతో అన్న చెప్పినవన్నీ లాయర్ గారు కొట్టేశారు, మంచిదే అయింది.

వాయిదా తేదీ కోసం గుమాస్తాకి మాటిమాటికీ ఫోన్ చేయక్కర్లేదు, ఈకోర్ట్స్ యాప్‌లో కేసుకిచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ కొడితే కనిపిస్తుంది. కౌంటర్, రిటన్ స్టేట్‌మెంట్ రెండూ పడ్డాయి. ఐఏలో వాదనలు ఇంకా మొదలవ్వలేదు.